పునుగు పడవలో చిట్టి గుర్రాలు

ఏరు సముద్రంలో కలిసేచోట చిప్పలమొగ అనే మడ అడవి ఉంది. అక్కడి చెట్ల వేళ్ళు నేలలోకి దిగి ఊరుకోవు. కొన్ని బురదను చీల్చుకుని పైకి లేచి, గాలి పీల్చుకుంటూ నిలబడి ఉంటాయి. రోజూ పోటు వస్తుంది, అడవి సగం మునుగుతుంది. నీళ్ళు తీస్తాయి, అడవి మళ్ళీ తేలుతుంది. ఆ అడవిలో నక్కలు, నీటికుక్కలు, బావురుపిల్లులు, కొంగలు, నీటికోళ్ళు, ఎర్ర పీతలు ఎవరి బురద వాళ్ళు చూసుకుంటూ బతికేవి.

చిప్పలమొగలో ఒక ఆచారం ఉంది. ప్రతి జంతువూ తన ఇంటి ముందు ఒక నీటిగుంట ఉంచుకుంటుంది. పౌర్ణమినాడు పెద్ద పోటు వచ్చి తీశాక, పొద్దు వాలే వేళకు అందరూ కలిసి ఒకరి గుంట ఒకరు చూడటానికి బయలుదేరతారు. ఎవరి గుంటలో ఏముందో చూస్తారు. ఎదురుగా మెచ్చుకుంటారు. నాలుగు చెట్లు దాటాక వంకలు పెడతారు. మనుషులు పెళ్ళిభోజనం తిని వస్తూ దారిలో మాట్లాడుకోరూ, అలాగన్నమాట.

అన్ని గుంటల్లోకీ గొప్పది పునుగు పిల్లిది. ఆ పునుగు పేరు గంధయ్య. ఎప్పుడో తుపానుకు కొట్టుకొచ్చి చెట్ల మధ్య ఇరుక్కుపోయిన పాత పడవ అతనిది. పడవ నిండా సముద్రపు నీళ్ళు. అంత పెద్ద గుంట అడవిలో ఇంకెవరికీ లేదు. గంధయ్యకు ఒంట్లోంచే సువాసన వస్తుంది. ఎక్కడికి వెళ్ళినా అతని కంటే ముందు ఆ వాసన వెళ్ళి కూర్చుంటుంది. అది చాలదన్నట్టు రోజూ పడవ అంచులకు ఒళ్ళు రుద్దేవాడు. పడవ కూడా తనలాగే గుబాళించాలని అతని కోరిక.

"నాదంటూ ఒకటి ఉంటే దాన్ని పదిమందీ చూడాలి. ఎవరూ చూడనిది ఉంటే ఎంత, లేకపోతే ఎంత," అనేవాడు గంధయ్య.

అతని పొరుగున ఒక నీటికోడి ఉండేది. తెల్లటి ముఖం, నల్లటి వీపు, ఎప్పుడూ ఏదో వెతుకుతున్నట్టు ఉండే నడక. అడవిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను అత్తా అనే పిలిచేవారు. ఎన్నోసార్లు గుడ్లు పొదిగి, పిల్లల్ని పెంచి, ఎగరనిచ్చిన పిట్ట ఆమె. ఆమె గుంట ఒక మట్టికుండ. పోటుకు కొట్టుకొచ్చింది, మూతి కాస్త పగిలింది. ప్రతి పౌర్ణమికీ అందరూ ఆ కుండ దగ్గర ఒక్క క్షణం ఆగి, మర్యాదకు తల ఊపి, పడవ వైపు పరుగెత్తేవారు.

ఒకరోజు నీళ్ళు తీసిన వేళ నీటికుక్క మావ వచ్చాడు. కాలవలూ, సముద్రపు నీళ్ళు చొచ్చుకొచ్చే కయ్యలూ తిరిగి, దొరికిన వింతలు తెచ్చి, తేనెకో పళ్ళకో ఇచ్చిపోవడం మావ వ్యాపారం. ఆ రోజు అతని చేతుల్లో నీళ్ళు నింపిన ఒక పెద్ద చిప్ప ఉంది. దాన్ని తొణక్కుండా పట్టుకుని మెల్లగా నడుస్తున్నాడు.

"ఏం తెచ్చావు మావా?" అని అడిగింది దారిలో కూర్చున్న నక్క.

"గుర్రాలు తెచ్చాను," అన్నాడు మావ.

"గుర్రాలను చిప్పలో పెట్టుకొచ్చినవాణ్ణి నిన్నే చూస్తున్నా," అని నక్క నవ్వింది. అయినా ముందుగా చిప్పలోకి తొంగిచూసింది తనే.

చిప్పలో నిజంగానే గుర్రాలు ఉన్నాయి. సముద్రపు గుర్రాలు. వాటిలోనూ చిట్టి జాతి. ఒక్కొక్కటీ మీ బొటనవేలి గోరంత ఉంటుంది, అంతే. తల చూస్తే గుర్రం, తోక చూస్తే కోతి, ఈదడం చూస్తే చేప. అది కూడా అన్ని చేపల్లా పడుకుని ఈదవు, నిలబడి ఈదుతాయి. ఒకటి లేత పసుపు, ఇంకొకటి ఆకుపచ్చ. రెండూ చిప్పలో వేసిన ఒక గడ్డిపోచకు తోకలు చుట్టుకుని ఉన్నాయి.

గంధయ్య వాసన వచ్చింది. వెనకే గంధయ్య వచ్చాడు. చిప్పలోకి చూసి చాలాసేపు కళ్ళు తిప్పుకోలేకపోయాడు.

"ఇవి ఇంకెవరి దగ్గరైనా ఉన్నాయా మావా?"

"లేవు. ఈ అడవికి రావడం ఇదే మొదలు."

"అయితే నాకే," అన్నాడు గంధయ్య.

అప్పటికే నీటికోడి అత్త కూడా వచ్చి చేరింది. ఆమె కూడా చూసింది. ఆమెకూ ముచ్చటేసింది. కానీ ఆమె అడిగింది వేరు.

"ఇవి ఏం తింటాయి అన్నా?"

"అడిగావు చూడు, అదీ మాట," అన్నాడు మావ. "కదిలేదాన్నే తింటాయి చెల్లెమ్మా. కదలనిదాన్ని తిండి అనే అనుకోవు. అది కూడా నలుసంత ఉండాలి, వీటి నోరు ఎంతని? పైగా తిన్నది దాచుకోవడానికి వీటికి కడుపు లేదు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి ఉండదు. తిండి ఎప్పుడూ ముఖం ముందు ఆడుతుండాలి. వెంటపడి పట్టుకునే జాతి కాదు."

"మరి నీళ్ళు ఊగితే?"

"అదే చెప్పబోతున్నా. ఈత సరిగ్గా రాని చేపలివి. పట్టుకోవడానికి గడ్డి ఉండాలి. గడ్డి దొరికితేనే వీటికి నిమ్మళం. చిన్న గుంటయితే మేలు. పెద్ద నీళ్ళలో తిండి ఒక మూల, ఇవి ఒక మూల ఉండిపోతాయి. ఇంకో సంగతి. పిల్లల్ని మోసేది మగది. ఈ ఆకుపచ్చదే మగది. పొట్ట కింద సంచి ఉంటుంది. అది ఉబ్బితే లోపల పిల్లలున్నట్టు."

ఇదంతా మావ గంధయ్య ఎదుటే చెప్పాడు. గంధయ్య చెవులు అక్కడే ఉన్నాయి. మనసు మాత్రం పడవ దగ్గర ఉంది. గుర్రాలను పడవ ముక్కు దగ్గర పెడితే బాగుంటుందా, నడుమ పెడితే బాగుంటుందా అని ఆలోచిస్తున్నాడు.

"పెద్ద ఇల్లు వద్దనే ప్రాణి ఎక్కడైనా ఉంటుందా మావా?" అన్నాడు చివరకు. "ఇవ్వు ఇలా." మావ చేతిలో ఒక తేనెపట్టు పెట్టి చిప్ప అందుకున్నాడు.

మావ అత్త వైపు తిరిగాడు. "నీకూ ఒక జత పట్టుకురానా చెల్లెమ్మా? నీ కుండ సరిగ్గా సరిపోతుంది."

"ఇప్పుడు వద్దన్నా," అంది అత్త. "నా కుండ ఇంకా సిద్ధంగా లేదు."

"కుండ సిద్ధం కావడానికి ఏముంది అత్తా, ఎసరు పెడతావా?" అంది నక్క. అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వేసి తన దారిన తను వెళ్ళిపోయింది.

మరునాటి నుంచి అత్త పని మొదలుపెట్టింది. కయ్యలోకి వెళ్ళి వేళ్ళతో సహా నీటిగడ్డి తెచ్చి కుండ అడుగు బురదలో నాటింది. పోటు వచ్చినప్పుడు ఆ గడ్డి ఒక పక్కకు ఒరిగిపోయింది. మళ్ళీ నాటింది. గడ్డితో పాటు వచ్చిన కుట్టే పురుగులను ఏరి పారేసింది. కుండ గోడలకు పాచి పట్టింది. దాన్ని గోకకుండా వదిలేసింది.

గడ్డి సంగతి అలా ఉండగా, తిండి సంగతి చూడాలి కదా. అడవి దాటితే ఉప్పుమడులు ఉన్నాయి. ఆ మడుల గట్ల వెంట గోధుమరంగు పొడి పేరుకుని ఉంటుంది. చూసినవాళ్ళు దుమ్ము అనుకుని తొక్కుకుంటూ పోతారు. అది దుమ్ము కాదు, ఉప్పురొయ్యల గుడ్లు. వాటిని ఉప్పునీళ్ళలో వేసి ఎండ తగలనిస్తే గుడ్లు చిట్లి, నారింజరంగు నలుసుల్లాంటి పిల్లలు గిలగిలా ఈదుతూ బయటికి వస్తాయి. చిట్టి గుర్రాల నోటికి సరిపోయేది అవే.

అత్త ఆ పొడిని ముక్కున కరిచి తెచ్చి ఒక ఆల్చిప్పలో నానబెట్టింది. మొదటిసారి ఒక్కటీ బతకలేదు. రెండోసారి ఎండ ఎక్కువై నీళ్ళు ఇగిరిపోయాయి. ఆ తరవాత ఆల్చిప్పను నీడా ఎండా కలిసే చోటికి జరిపింది. అప్పుడు నీళ్ళు కదిలాయి. ఆ నలుసులను చూసి అత్త మురిసిపోయింది. గుర్రాలు ఇంకా రాకముందే గుర్రాల తిండిని చూసి మురిసిపోయిన పిట్ట బహుశా ఆమె ఒక్కతే.

అక్కడ పడవలో ఇంకో రకం సందడి జరుగుతోంది. గంధయ్య కూడా ఒళ్ళు వంచి పని చేశాడు. ఆ మాట ఒప్పుకోవాలి. పడవ లోపలి పాచి అంతా గీకి తళతళలాడించాడు. చిప్పతో వచ్చిన గడ్డిపోచను తీసి అవతల పారేశాడు, అది ఉంటే గుర్రాలు సరిగ్గా కనిపించవని. పోటు నీళ్ళతో నలుసులూ చెత్తా వస్తున్నాయని పడవ పక్కచెక్కలో నీళ్ళు వచ్చే కంతకు ఆకులు దట్టించాడు. నీళ్ళు అద్దంలా అయ్యాయి. ఆ చెత్తలోనే గుర్రాల తిండి ఉందని అతనికి తోచలేదు.

తిండికి లోటు చేశాడని కూడా అనడానికి లేదు. జాలర్లు చేపలు ఎండబెట్టే చోటికి వెళ్ళి మేలైన ఎండు రొయ్యలు ఏరి తెచ్చాడు. పూటపూటకూ గుప్పెడు చల్లేవాడు. రొయ్యలు తేలేవి, నానేవి, మునిగేవి. గుర్రాలు వాటి వంక చూసేవి కావు. సాయంత్రం అడుగున పడ్డవి తీసేసి కొత్తవి వేసేవాడు. "నేను తినేదాని కంటే మంచిది పెడుతున్నా," అని నక్కతో చెప్పుకునేవాడు. అది నిజమే.

గంధయ్య ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. రోజూ తెల్లవారగానే ఆ రెండు గుర్రాలూ ఎదురెదురుగా వచ్చేవి. రంగు తేటపడి మెరిసేవి. ఒకదాని చుట్టూ ఒకటి మెల్లగా తిరిగేవి. రాత్రంతా ఒకే పడవలో ఉన్నా, పొద్దున్నే కొత్తగా కలిసినట్టు పలకరించుకునేవి. అది చూడటానికి గంధయ్య పొద్దు పొడవకముందే లేచి వచ్చి పడవ అంచున గడ్డం ఆనించి కూర్చునేవాడు. ఆ కాసేపు అతనికి ఎవరైనా చూస్తున్నారా లేదా అన్న ధ్యాస ఉండేది కాదు.

కానీ మిగతా పొద్దంతా ఉండేది.

పట్టుకోవడానికి ఏమీ లేని ఆ నున్నటి పడవలో గుర్రాలు కొట్టుకుపోతూ ఉండేవి. గాలి వీస్తే ఒక చివరకు, గాలి మారితే ఇంకో చివరకు. ఆఖరికి ఒకదాని తోకకు ఒకటి తోక చుట్టుకున్నాయి. ఆ తరవాత ఇక వదల్లేదు.

పౌర్ణమి వచ్చింది. పొద్దు వాలే వేళకు అడవి అంతా పడవ చుట్టూ చేరింది. తేటనీళ్ళలో గుర్రాలు రెండూ తోకలు పెనవేసుకుని మెల్లగా గుండ్రంగా తిరుగుతున్నాయి.

"అబ్బ, ఏం అన్యోన్యం," అంది నక్క. "ఒకదాన్ని ఒకటి క్షణం వదలడం లేదు."

"నా పడవలోకి వచ్చాకే నాట్యం నేర్చుకున్నాయి," అన్నాడు గంధయ్య. "ఆ ఆకుపచ్చదాన్ని చూడండి. వచ్చినప్పుడు పుల్లలా ఉండేది. ఇప్పుడు పొట్ట చూడండి ఎలా వచ్చిందో. అంతా నా ఎండు రొయ్యల చలవ."

అందరూ ఔనౌనన్నారు. కొంగ ఒంటికాలి మీద నిలబడే మెచ్చుకుంది. అత్త మాత్రం నీళ్ళ దగ్గరికి వంగి, మెడ ఇటు తిప్పి ఒక కంటితో, అటు తిప్పి ఇంకో కంటితో చూసింది. అందరూ వెళ్ళేదాకా ఆగింది.

"గంధయ్యా, ఒక్క మాట నాయనా," అంది మెల్లగా. "అది నాట్యం కాదు. పట్టుకోవడానికి గడ్డిపోచ లేక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి."

గంధయ్య నీళ్ళలోకి చూశాడు.

"ఆ పొట్ట కూడా తిండి పొట్ట కాదు. మావ చెప్పాడుగా, మగదే మోస్తుందని. దాని సంచిలో పిల్లలున్నాయి. పొట్ట ఒక్కటే ఉంది, ఒళ్ళు చూడు ఎలా చిక్కిపోయిందో. పసుపుది మరీ నీరసంగా ఉంది. తండ్రి పోతే లోపలి పిల్లలు కూడా పోతాయి. నాలుగు గడ్డిపోచలు వెయ్యి. కంతలో ఆకులు తీసెయ్యి. నా దగ్గర ఉప్పురొయ్య పిల్లలున్నాయి, ఇప్పుడే పట్టుకొస్తాను."

గంధయ్య నోరు తెరిచాడు. తెమ్మని అనేవాడే. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. అంతలో చెట్టు చాటు నుంచి నక్క తల పెట్టింది.

"ఏంటత్తా, వట్టి కుండ పెట్టుకున్నవాళ్ళు పడవ ఉన్నవాళ్ళకు పాఠం చెబుతున్నారా?"

గంధయ్య ముఖం మారిపోయింది. "నా గుర్రాల సంగతి నాకు తెలుసు. నీ కుండలో బురద ముందు చూసుకో అత్తా," అన్నాడు.

అత్తకు మనసు నొచ్చుకుంది. అయినా మరునాడు పొద్దున్నే ఆకుదొన్నెలో ఉప్పురొయ్య పిల్లలను పట్టుకుని మళ్ళీ వచ్చింది. గంధయ్య దొన్నెలోకి చూశాడు. నీళ్ళ నిండా నారింజరంగు నలుసులు.

"ఇవి పోస్తే నీళ్ళు మసకబారిపోతాయి," అన్నాడు. "తీసుకుపో."

అత్త దొన్నె పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది. ఆకలి అని అరిచే గొంతు ఆ గుర్రాలకు ఉంటే ఆ పొద్దున అడవి అంతా వినిపించేది. వాటికి గొంతు లేదు, పిల్లలూ. అదే అన్నిటికీ చిక్కు.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక తెల్లవారుజామున గంధయ్య ఎప్పటిలాగే వచ్చి పడవ అంచున గడ్డం ఆనించాడు. పొద్దు పొడిచింది. ఆకుపచ్చ గుర్రం రంగు తేటపడింది. ఎప్పటిలాగే మెరిసింది. పసుపు గుర్రం మెరవలేదు. అది నీళ్ళలో పక్కకు ఒరిగి తేలుతోంది. ఆకుపచ్చది దాని తోకను వదల్లేదు. చుట్టూ తిరగబోయింది. తోక పట్టుకుని ఉంది కాబట్టి చచ్చినదాన్ని కూడా తనతో పాటు తిప్పింది. మళ్ళీ మెరిసింది. మళ్ళీ ఆగింది.

గంధయ్యకు అప్పుడు అర్థమైంది. ఆలస్యంగా అర్థమైంది, కానీ పూర్తిగా అర్థమైంది.

అటుగా వచ్చిన నక్క తొంగిచూసింది. "ఒకటి పోయిందా? పోనీలే. మావకు చెబితే ఇంకోటి తెస్తాడు. పౌర్ణమికి ఇంకా చాలా వ్యవధి ఉందిగా."

ఆ మాట విని గంధయ్య ఉలిక్కిపడ్డాడు. నిన్నటిదాకా తను మాట్లాడిన మాటలు కూడా అచ్చం ఇలాగే ఉండేవి. చిప్ప తెచ్చి నీళ్ళలో ముంచాడు. ఆకుపచ్చ గుర్రం తోకను మెల్లగా విడదీయబోయాడు. అది వదలదే. ఎలాగో విడదీసి, దాన్ని ఒక్కదాన్నే చిప్పలోకి తీసుకుని బయలుదేరాడు.

అత్త ఇల్లు పొరుగే అయినా నడుమ బురద. నీళ్ళు తీసిన వేళ, పొద్దు బాగా ఎక్కింది. అడవి అంతా చూస్తోంది. ఎప్పుడూ కొమ్మల మీదుగా ఒంటికి మరక అంటకుండా తిరిగే గంధయ్య, చిప్ప తొణకకూడదని బురదలోకి దిగి పొట్టదాకా మునిగి నడిచాడు. అతని సువాసన బురదలో కలిసిపోయింది. పీతలు కలుగుల్లోంచి తొంగిచూశాయి. ఎవరు చూస్తున్నారో గంధయ్య చూడలేదు.

"అత్తా," అన్నాడు కుండ దగ్గర నిలబడి. చిప్ప ముందుకు చాపాడు.

అత్త చిప్పలోకి చూసింది. ఒక్కటే ఉంది. అయినా దెప్పలేదు.

"ముందు చేతులు బాగా కడుక్కో," అంది. "నీ ఒంటి జిడ్డు ఈ నీళ్ళలో పడకూడదు."

గంధయ్య కడుక్కుని వచ్చాడు. అత్త కుండలోని నీళ్ళు కొంచెం చిప్పలో పోసింది. ఆగింది. ఇంకొంచెం పోసింది. మళ్ళీ ఆగింది.

"త్వరగా వేసెయ్యకూడదా అత్తా?"

"కొత్త నీళ్ళు. ఒంటికి పట్టాలి కదా. తొందర మనది, దానిది కాదు."

చివరకు చిప్పను కుండలోకి వంచింది. గుర్రం మెల్లగా జారి, గాలికి రాలిన ఆకులా అటూ ఇటూ పోయింది. దాని తోకకు గడ్డిపోచ తగిలింది. తోక ఆ పోచను తడిమింది. తరవాత చుట్టుకుంది. గంధయ్య ఊపిరి వదిలాడు.

అత్త ఆల్చిప్పలోని నలుసులను కుండలోకి వంచింది. చిన్న కుండ కాబట్టి నలుసులన్నీ గుర్రం చుట్టూనే ఆడుతున్నాయి. గుర్రం కదలలేదు. ఒక నలుసు దాని ముక్కు ముందు నుంచి వెళ్ళిపోయింది. ఇంకోటి వెళ్ళిపోయింది.

"తినదేం అత్తా?"

"తింటుందో తినదో మన చేతిలో లేదు. తినడానికి ఉండేలా చూడటమే మన చేతిలో ఉంది," అంది అత్త. అని తన పని తను చూసుకోవడానికి వెళ్ళింది.

గంధయ్య అక్కడే కూర్చున్నాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. కుండలోంచి ఒక చిన్న చప్పుడు వినిపించింది. టిక్. గోటితో గోటిని తట్టినంత చప్పుడు. గుర్రం నలుసును నోట్లోకి లాక్కున్న చప్పుడు అది. కాసేపటికి ఇంకోసారి, టిక్. పడవలో అన్నాళ్ళున్నా ఆ చప్పుడు గంధయ్య ఒక్కసారీ వినలేదు. అతనికి ఏడుపు వచ్చింది, ఏడ్చాడు.

కొద్ది రోజులకు ఆకుపచ్చ గుర్రం పొట్ట సంచి తెరుచుకుంది. నువ్వుగింజలంత పిల్లలు ఒకదాని వెనక ఒకటి బయటికి వచ్చాయి. వచ్చీ రాగానే దొరికిన గడ్డిపోచకు తోకలు చుట్టేసి వేలాడాయి. అచ్చం పెద్దదానిలాగే ఉన్నాయి, కాకపోతే కళ్ళు చికిలించి చూడాలి.

ఇన్ని నోళ్ళకు తిండి కావాలి. అత్త ఒక్కతే తేలేదు. అడగకుండానే గంధయ్య ఉప్పుమడులకు వెళ్ళడం మొదలుపెట్టాడు. రోజూ వెళ్ళి గోధుమరంగు పొడి ఆకులో కట్టి తెచ్చేవాడు. దారిలో ఎదురైనవాళ్ళు "ఏంటది గంధయ్యా, దుమ్మా?" అని అడిగితే, "దుమ్ము కాదు," అని మాత్రం చెప్పి వెళ్ళిపోయేవాడు.

రోజూ తెల్లవారగానే కుండ దగ్గరికి వచ్చేవాడు. అప్పుడు కూడా ఆకుపచ్చ గుర్రం రంగు తేటపడేది. గడ్డి వదిలి కాస్త పైకి వచ్చేది. అటూ ఇటూ తిరిగి చూసేది. కాసేపు అలా మెరుస్తూ నిలబడి, మళ్ళీ గడ్డిలోకి వెళ్ళిపోయేది.

"ఎవరికోసం చూస్తోంది అత్తా?" అని అడిగాడు గంధయ్య ఒకరోజు.

"నీకు తెలుసు కదా," అంది అత్త.

గంధయ్య మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. రోజూ రావడం మాత్రం మానలేదు. ఆ చూపు చూడటం అతనికి కష్టంగా ఉండేది. అయినా వచ్చి చూసేవాడు.

మళ్ళీ పౌర్ణమి వచ్చింది. చిట్టి గుర్రాలు ఇప్పుడు అత్త కుండలో ఉన్నాయని తెలిసి అందరూ అక్కడికే చేరారు. కుండలో గడ్డి దట్టంగా పెరిగింది. గోడలకు పాచి, నీళ్ళలో నలుసులు. నక్క ఎంత తొంగిచూసినా ఏమీ కనిపించలేదు.

"ఇందులో ఏమీ లేవే," అంది నక్క.

"ఉన్నాయి," అన్నాడు గంధయ్య. అతని కాళ్ళకు ఉప్పుమడి మన్ను ఎండిపోయి ఉంది.

"అయితే గడ్డి పక్కకు లాగి చూపించు."

"లాగను. ఆ గడ్డి ఉన్నది అవి బతకడానికి, మనం చూడటానికి కాదు."

నక్క పెదవి విరిచి వెళ్ళిపోయింది. దాని వెనక చాలామంది వెళ్ళిపోయారు. నీటికుక్క మావ మాత్రం ఉండిపోయాడు. గడ్డి సందుల్లో ఓపికగా చూశాడు. ఒకటి కనిపించింది. ఇంకోటి కనిపించింది. చూసేకొద్దీ ప్రతి పోచకూ ఒక తోక కనిపించింది.

"చెల్లెమ్మా, ఇన్నా?" అన్నాడు మావ. "ఇంక నేను కయ్యలోంచి పట్టుకురావడం దేనికి? కావాలన్నవాళ్ళను నీ దగ్గరికే పంపుతాను. నీ కుండలో పుట్టినవి ఈ నీళ్ళకూ ఈ తిండికీ అలవాటు పడ్డవి. ఇవే బాగా బతుకుతాయి."

"పంపు అన్నా. కానీ వాళ్ళ గుంట నేను చూసి వచ్చాకే ఇస్తాను," అంది అత్త.

ఆ రోజు నుంచి చిప్పలమొగలో ఎవరికి చిట్టి గుర్రాలు కావాలన్నా ముందు అత్త దగ్గరికి వచ్చేవారు. ఊరికే రాలేదు, తేనె, పళ్ళు, గూటికి మెత్తటి పీచు తెచ్చేవారు. అత్త ముందుగా వాళ్ళకు గుర్రాలు చూపించేది కాదు. ఆల్చిప్పలో గుడ్లు నానబెట్టడం చూపించేది. సగం మంది అక్కడే విసుగొచ్చి వెళ్ళిపోయేవారు. ఉన్నవాళ్ళకే మిగతాది చెప్పేది.

పిల్లలు ఎదిగాక ఒక సాయంత్రం అత్త గంధయ్యను పిలిచింది.

"ఒక జత తీసుకెళ్ళు నాయనా. వీటి తండ్రి నీ ఇంటి నుంచి వచ్చిందే. ఇన్నాళ్ళూ వీటికి తిండి తెచ్చింది కూడా నువ్వే. నీకు ఇవ్వకుండా ఇంకెవరికి ఇస్తాను?"

గంధయ్య తన పడవ వైపు చూశాడు. ఒక చివర బురదతో అడ్డుగట్టు కట్టి, చిన్న మడుగులా చేసి, అందులో నీటిగడ్డి నాటాడు. అంచులకు ఒళ్ళు రుద్దడం ఎప్పుడో మానేశాడు. కంతలో ఆకులు తీసేశాడు. గడ్డి అప్పుడప్పుడే వేళ్ళు పట్టుకుంటోంది. ఒకే ఒక్క చిగురు నీళ్ళలో లేచి ఊగుతోంది.

అతనికి తీసుకెళ్ళాలనే ఉంది. చాలా ఉంది. కుండలోకి చూశాడు. ఆకుపచ్చ తండ్రి గుర్రం గడ్డి పట్టుకుని నిమ్మళంగా ఉంది.

"ఇప్పుడు వద్దత్తా," అన్నాడు గంధయ్య. "నా పడవ ఇంకా సిద్ధంగా లేదు."

దారిన పోతున్న నక్క కూడా ఆ మాట విన్నది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నీతి: ప్రాణమున్నదాన్ని ఇంటికి తెచ్చుకునే ముందు దాని ఆకలేమిటో తెలుసుకుని, దానికి కావలసిన చోటు సిద్ధం చేయాలి. చూసి మురిసిపోవడం పెంచడం కాదు.